ఊరికే ఎక్కి... ఊరికే దిగి!

ఉదయం ఐదుంపావు. శృంగవరపుకోటలో ఇంకా తెల్లారలేదు. బస్టాండు దగ్గర ఒక్క టీకొట్టు మాత్రం వెలుగుతోంది. విశాఖపట్నం నుంచి మమ్మల్ని మోసుకొచ్చిన మినీ వ్యానులోంచి సైకిళ్లు ఒక్కోటీ కిందికి దిగుతున్నాయి. డిసెంబరు చలి. టీ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాం. తలకి టోపీ, దానిమీద హెల్మెట్, కాళ్లకి బిగుతు లాగులు... టీకొట్టు ఆయన మా వాలకం చూసి నవ్వాపుకోలేక చక్కెర డబ్బా వైపు తిరిగిపోయాడు.

‘ఒకటి, రెండు, మూడు...’ అంటూ ఓ పెద్దాయన టార్చిలైటు వేసి తలలు లెక్కపెడుతున్నాడు. నా దగ్గరికొచ్చి ఆగాడు. ‘పద్నాలుగు. మీరే ఆఖరు’ అన్నాడు. ఆయన వరసగా లెక్కపెట్టి అన్న మాటే అయినా, ఆ రోజంతా అది అక్షరాలా నిజమవుతుందని అప్పటికి నాకు తెలీదు.

విశాఖపట్నంలో వారం వారం కలిసి సైకిలు తొక్కే బృందం ఇది. మామూలు ఆదివారాలు బీచ్‌రోడ్డులో భీమిలి దాకా వెళ్లి ఇడ్లీలు తిని వచ్చేస్తారు. నెలకోసారి మాత్రం కొంచెం దూరం. ఈసారి అరకు ఘాట్‌రోడ్డు. ‘సైకిల్ క్లబ్బుల మీద ఓ ఐటం రాయి’ అని ఆఫీసులో చెప్పినప్పుడు, వెనకాల వ్యానులో కూర్చుని, కిటికీలోంచి చూసి రాసేయొచ్చనుకున్నాను. ఫోన్ చేస్తే పెద్దాయన ఒప్పుకోలేదు. ‘వ్యానులో కూర్చుని రాస్తే అది వ్యాను మీద ఐటం అవుతుంది సార్. సైకిలు మేమిస్తాం, వచ్చేయండి’ అన్నాడు.

నా సైకిలు చరిత్ర చిన్నదే. గంటకింతని అద్దెకి తెచ్చుకుని, సీటు అందక కడ్డీ మధ్యలోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. హైస్కూలుకీ కాలేజీకీ దానిమీదే. ఉద్యోగం వచ్చాక మోటారుసైకిలు. ఇప్పుడు వయసు 36, బరువు 82. చివరిసారి సైకిలెప్పుడు తొక్కానో గుర్తులేదు.

గడియారం లేని ప్రయాణం

సైకిలు క్లబ్బు అనగానే రేసు గుర్తొస్తుంది చాలామందికి. కానీ క్లబ్బులు పుట్టిందే తీరిగ్గా ఊళ్లు తిరగడానికి. ఇంగ్లండులోని హారోగేట్‌లో 1878లో పెట్టిన బైసికిల్ టూరింగ్ క్లబ్ ఉద్దేశం అదే. మన దేశంలోనూ ఇప్పుడు రెండు రకాల వాళ్లున్నారు. ‘బ్రెవే’లు చేసేవాళ్లు ఒక రకం. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తిచేయాలి, దారిలో అక్కడక్కడా కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ఒక్క నిమిషం దాటినా లెక్కలోకి రాదు. రెండో రకం ఈ సోషల్ రైడ్. దీనికి గడియారం లేదు. ముందొకరు దారి చూపిస్తారు, ఆయన్ని దాటి ఎవరూ వెళ్లకూడదు. ఆఖర్న ఒకరుంటారు, ఆయన వెనక ఎవరూ మిగలకూడదు. ఆ ఆఖరు మనిషిని ‘స్వీప్’ అంటారు. అంటే ఊడ్చుకుంటూ వచ్చేవాడన్నమాట!

మా స్వీప్ ఆ పెద్దాయనే. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. వయసు 61. అందరూ ‘మాస్టారూ’ అంటారు. ఆయన ఎప్పుడూ బడిపంతులు కాదు. ఉత్తరాంధ్రలో ఆ పిలుపుకి పంతులే కానక్కర్లేదు. ఆయన కాక ఓ బ్యాంకు ఉద్యోగిని (అందరికీ ‘బ్యాంకు మేడం’), డాక్టరు దంపతులు, తొమ్మిదో తరగతి కొడుకుతో వచ్చిన కాంట్రాక్టరు, ఓ లెక్చరరు, ముగ్గురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, ఇంకొందరు. పేర్లు రాయొద్దని ముందే చెప్పారు. ‘పేపర్లో పడితే మా బంధువులంతా ఆదివారం పొద్దున్నే ఫోన్లు చేస్తారండీ’ అంది మేడం.

బొడ్డవర దాకా దారి హాయిగా ఉంది. కోతలైపోయిన వరిమళ్లు, కుప్పలు, మంచులో సగం మునిగిన తాటిచెట్లు. ఎదురుగా నల్లగా గోడ కట్టినట్టు తూర్పు కనుమలు. ‘ఇంతేనా, ఈమాత్రానికేనా భయపడ్డాను’ అనుకున్నాను. చెక్‌పోస్టు దాటి ఓ మలుపు తిరిగామో లేదో, సైకిలు ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు ఆగిపోయింది.

కొండ మొదలైంది.

వంద వాట్ల బల్బు

నా సైకిలుకి ముందు మూడు, వెనక ఎనిమిది పళ్లచక్రాలు. ఘాట్లో వాడాల్సింది ముందు అన్నిటికంటే చిన్నది, వెనక అన్నిటికంటే పెద్దది. అప్పుడు కాళ్లు గబగబా తిరుగుతాయి, సైకిలు మాత్రం నత్తలా పాకుతుంది. ‘బలం పెట్టి తొక్కకండి సార్. తేలిగ్గా ఎక్కువసార్లు తిప్పండి’ అని చెప్పాడు లెక్చరరు. ఆయన చెప్పేది ఫిజిక్సు. నా బరువూ సైకిలు బరువూ కలిపి 95 కిలోలు వేసుకుని, వంద మీటర్లకి ఐదు మీటర్లు ఎక్కే దారిలో గంటకి ఎనిమిది కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఎంత శక్తి కావాలో తొక్కుతూనే లెక్కకట్టాడు. ‘ఓ వంద వాట్ల బల్బు వెలిగించినంత. అంతే!’ అన్నాడు. అంతేనట! గంటల తరబడి ఆరిపోకుండా వెలగాల్సిన బల్బుని నేనే కదా.

మొదటి పావుగంటలోనే వరస చెదిరిపోయింది. కుర్రాళ్లు ముందు, మేడం వాళ్లు మధ్యలో, ఆఖర్న నేను, నా వెనక మాస్టారు, ఆయన వెనక వ్యాను. ఆ వ్యాను చప్పుడుంది చూశారూ... అది వినిపించినంతసేపూ మనసు దానిమీదే. చెయ్యెత్తితే చాలు, ఆగుతుంది. మెత్తటి సీట్లున్నాయి.

అలా అని దారిని తిట్టుకోలేం. కారులోనో బస్సులోనో ఈ ఘాటెక్కినవాళ్లకి కనిపించేవి మలుపులే. సైకిలు మీద అదే దారి ముక్కుకీ చెవికీ కూడా అందుతుంది. ఒక మలుపులో తడిమట్టి వాసన, ఇంకో మలుపులో ఎక్కడో మండుతున్న కట్టెల పొగ. లోయలోంచి ఉన్నట్టుండి రైలు కూత. అది కొత్తవలస-కిరండూల్ లైను. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో జపాన్ సహకారంతో వేశారు. సొరంగాల్లోంచి దూరుతూ దూరుతూ, శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె 2017లో వచ్చాక ఆ రైలుకి గిరాకీ మరీ పెరిగింది. మేం పైకి వెళ్తుంటే గూడ్సొకటి ఖనిజం నింపుకుని కిందికి దిగుతోంది. పెట్టెలు లెక్కపెడదామనుకున్నా. ఊపిరి చాల్లేదు.

టైడాకి కాస్త ఇవతల ఓ ముసలాయన ఎదురయ్యాడు. గేర్లూ గీర్లూ లేని పాత సైకిలు, కేరియరు మీద రెండు అరటిగెలలు. నడిపించుకుంటూ దిగుతున్నాడు. నేను ఆగి రొప్పుతుంటే ఆయనా ఆగాడు.

‘ఏటి బాబూ, ఏటికెల్తన్నారు?’

‘అనంతగిరి.’

‘అక్కడ పనుందేటి?’

‘లేదు. ఎక్కి, మళ్లీ దిగిపోతాం.’

ఆయన నన్నోసారి, నా సైకిల్నోసారి, వెనకాల ఖాళీగా వస్తున్న వ్యానునోసారి చూశాడు. ‘ఊరికినే ఎక్కి ఊరికినే దిగిపోతారేటి?’ అని, గెలలు సర్దుకుని వెళ్లిపోయాడు. జవాబు కోసం ఆగలేదు. ఆగినా నా దగ్గరా లేదు.

టైడాలో గొడవ

టైడాలో టీ అన్నారు. నాకు మాత్రం అంబలి దొరికింది. రాగుల్ని ఇటు చోళ్లంటారు. చల్లటి చోడంబలి గ్లాసు, నంజుకోడానికి పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. ఆ గ్లాసు లేకపోతే ఈ వ్యాసం ఇక్కడితో ఆగిపోయేది.

అందరికంటే ఆఖర్న చేరింది నేనే. మిగతావాళ్లు అప్పటికే అరగంట నుంచీ కూర్చున్నారు. చెమట ఆరిపోయి చలి పెడుతోందని డాక్టరుగారు జెర్కిను వేసుకున్నారు. కుర్రాళ్లలో ఒకడు వాచీ చూసుకున్నాడు. అనంతగిరి దాటి గాలికొండ వ్యూపాయింటు దాకా వెళ్లాలన్నది అసలు ప్లాను. ఘాట్‌రోడ్డు మొత్తానికీ ఎత్తయిన చోటు అదే. అక్కడి నుంచి చూస్తే కొండలు వరసలు వరసలుగా పేర్చినట్టుంటాయట. ‘ఈ లెక్కన మధ్యాహ్నం అవుతుంది మాస్టారూ. మేం ముగ్గురం ముందెళ్లిపోతాం, మీరు మెల్లగా రండి’ అన్నాడు.

‘కలిసి వచ్చాం కదా నాన్నా, కలిసే వెళ్దాం’ అన్నాడు మాస్టారు.

‘నెలరోజులుగా ప్రాక్టీసు చేసి వచ్చాం. ప్రాక్టీసు లేకుండా వచ్చినవాళ్ల కోసం...’ అంటూ ఆగాడు.

ఎవరూ నా వైపు చూడలేదు. అదే ఇబ్బంది. తిట్టినా బావుండేది. నిజానికి ఆ అబ్బాయి అన్నదాంట్లో తప్పేముంది? వాళ్లు వారం వారం పొద్దున్నే లేచి చెమటోడ్చినవాళ్లు. నేను ఐటం కోసం వచ్చినవాణ్ని. ‘నేను వ్యాను ఎక్కేస్తాను’ అన్నాను. మాట మామూలుగానే వచ్చిందనుకుంటా.

మేడం పెద్ద తగువేమీ పెట్టుకోలేదు. ‘అనంతగిరి దాకా వెళ్దాం. కాఫీ తాగి దిగిపోదాం. గాలికొండ ఎక్కడికి పోతుంది? ఇంకోసారి వద్దాం’ అని సైకిలు తీసింది. తొమ్మిదో తరగతి అబ్బాయి ‘అయితే బొంగులో చికెన్ ఉంటుందా?’ అని అడిగాడు. ఉంటుందని చెప్పడంతో ఓట్లు అటు పడ్డాయి. కుర్రాళ్లు ముఖాలు ముడుచుకునే బయల్దేరారు. గాలికొండ నా ఖాతాలో పడింది.

మాస్టారు ఎందుకు ఆఖర్న?

టైడా నుంచి అనంతగిరి దాకా ఉన్న దారే అసలు పరీక్ష. డముకు వ్యూపాయింటు దగ్గర లోయ చూసే వంకతో పది నిమిషాలు ఆగాను. ఆ తర్వాత ఓ పొడవాటి ఎక్కుడులో తొడలు పట్టేశాయి. దిగి నడిపించడం మొదలుపెట్టాను. మాస్టారూ దిగాడు. ‘మీరు తొక్కండి, ఫర్వాలేదు’ అన్నాను. ‘నాకూ నడవాలనుంది’ అన్నాడు. అబద్ధం.

ఇద్దరం సైకిళ్లు తోసుకుంటూ నడుస్తుంటే, అడగకుండానే చెప్పాడు. ఆయన మొదట్లో అందరికంటే ముందుండే మనిషట. ఇదే ఘాట్లో, ఆరేడేళ్ల కిందట ఓ ఆదివారం స్నేహితుడితో వచ్చాడు. అప్పుడు వ్యానూ లేదు, స్వీపూ లేదు. ‘నువ్వెళ్లు, నేనొస్తా’ అన్నాడట స్నేహితుడు. ఈయన వెళ్లిపోయాడు. పైన కాఫీ తాగుతూ అరగంట చూశాడు. ఎంతకీ రాకపోతే వెనక్కి దిగాడు. ఓ కల్వర్టు గోడ మీద ఛాతీ పట్టుకుని కూర్చుని ఉన్నాడు స్నేహితుడు. ఫోను సిగ్నల్ లేదు. రెండు కార్లు ఆగకుండా వెళ్లిపోయాయట. చివరికి ఓ ఖాళీ జీపులో ఎస్.కోటకీ, అక్కడి నుంచి విశాఖకీ తీసుకెళ్లారు.

‘బతికాడు. కానీ మళ్లీ సైకిలెక్కలేదు. నాతో మామూలుగా మాట్లాడ్డానికి ఏడాది పట్టింది’ అన్నాడు. కాసేపాగి, ‘ఆ కల్వర్టు ఇందాక దాటేశాం లెండి’ అన్నాడు. ఏదో చూపించలేదు. నేనూ అడగలేదు.

అనంతగిరి చేరేసరికి పదకొండు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. కుర్రాళ్లు కూడా కొట్టారు, మరీ గట్టిగా కాదు.

ఎర్ర పళ్లు, పచ్చి బొంగులు

ఈ సమయంలో అనంతగిరి వెళ్తే కాఫీ తోటల్ని చూసి తీరాలి. సిల్వర్‌ఓక్ చెట్లు నిటారుగా, వాటికి అల్లుకుని మిరియాల తీగలు, వాటి నీడలో మనిషెత్తు కాఫీ మొక్కలు. కొమ్మల వెంట గుత్తులుగా ఎర్రటి పళ్లు. ఒకటి కోసి నోట్లో వేసుకుంటే పైతొక్క తియ్యగా ఉంది, కాఫీ రుచి ఎక్కడా లేదు! తొక్క తీసి, గింజ ఎండబెట్టి, వేయిస్తే గానీ ఆ వాసన రాదు. అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండించేది గిరిజన రైతులే. ఇదంతా ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022 ఏప్రిల్లో ఏర్పడింది. అంతకుముందు విశాఖ జిల్లాలో ఉండేది. పాత అలవాటు కొద్దీ మేం ఇంకా ‘మన విశాఖ కొండలు’ అనే అంటున్నాం.

రోడ్డు పక్కన మంటల్లో బొంగులు కాలుతున్నాయి. పచ్చి వెదురు గొట్టంలో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద తిప్పుతారు. నూనె చుక్క వెయ్యరు. వెదురులోని తడికే ఉడుకుతుంది. గొట్టాన్ని విస్తరాకు మీద బోర్లించినప్పుడు వచ్చే ఆవిరి ఉందే... దానికోసమైనా మళ్లీ కొండెక్కొచ్చు. బస్సులో.

మీరూ వెళ్లాలనుకుంటే నవంబరు నుంచి జనవరి దాకా మంచి కాలం. ఇంకా ముందుకి అరకు దాకా వెళ్లేవాళ్లకి డిసెంబరు మొదట్లో అయితే పసుపు పరిచినట్టు వలిసె పూలు కూడా కనిపిస్తాయి. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. సైకిలు మీద అంతా ఒక్కరోజులో వద్దు. మేం చేసినట్టు ఎస్.కోట దాకా వ్యానులో వచ్చి, తెల్లవారకముందే మొదలుపెట్టడం మేలు. సెలవురోజుల్లో తొమ్మిది దాటితే కార్ల వరస మొదలవుతుంది. రెండు సీసాల నీళ్లు, ఒక స్పేరు ట్యూబు, పంపు, ఎరుపు లైటు తప్పనిసరి. మంచులో ఆ లైటే ప్రాణం. బ్రేకులు మాత్రం బయల్దేరే ముందురోజే మెకానిక్‌కి చూపించండి. ఎందుకో చెబుతాను.

దిగడం తేలికా?

ఎక్కేటప్పుడు కష్టం, దిగేటప్పుడు సుఖం అనుకుంటాం. ఫిజిక్సు లెక్చరరు బయల్దేరేముందు మళ్లీ ఓ లెక్క చెప్పాడు. ఎక్కడానికి పడ్డ శ్రమ అంతా ఎక్కడికీ పోదు. దిగేటప్పుడు వేడిగా బయటికి రావాల్సిందే. నా బరువుకి, తొమ్మిది వందల మీటర్లు దిగితే వచ్చే వేడితో రెండు లీటర్ల పైచిలుకు నీళ్లు మరిగించొచ్చట. కొంత గాలి పంచుకుంటుంది, మిగతాదంతా బ్రేకులదే. అందుకే అదేపనిగా నొక్కి పట్టుకోకూడదు. నొక్కాలి, వదలాలి, నొక్కాలి. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. మధ్యమధ్యలో ఆగి రిమ్ములు చల్లారనివ్వాలి.

నేను మూడుసార్లు ఆగాను. ఒకసారి రిమ్ము మీద వేలు పెట్టి చూసి, చటుక్కున తీసేశాను. మాస్టారు నా వెనకే. మిగతావాళ్లంతా ఎప్పుడో కిందికి జారిపోయారు.

డముకు దాటాక ఓ వంపు తిరిగేసరికి రోడ్డు పక్కన గడ్డిలో ఎర్ర సైకిలు. దాని పక్కన ఆ సాఫ్ట్‌వేర్ కుర్రాడు, టైడాలో వాచీ చూసుకున్నవాడే. ఫొటోలు తీసుకోడానికి ఆగాడట. అందరూ దాటిపోయారు. అందుకోవాలని వేగంగా దిగుతూ మలుపులో కంకర మీద జారాడు. ఎదురుగా వస్తున్న బస్సు డ్రైవరు చూసి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. హెల్మెట్ ఓ పక్క నిలువునా చీలింది.

‘ఎంతసేపైంది?’ అని అడిగాడు మాస్టారు.

‘పావుగంట. ఫోన్ కలవట్లేదు. వాళ్లు చూసుకోలేదు...’

మాస్టారు ఇంకేం అనలేదు. సీసాలో నీళ్లతో చెయ్యి కడిగాడు. కళ్లలోకి టార్చి వేసి చూశాడు. పేరేంటి, ఏ ఊరు, ఈరోజు ఏ వారం అని వరసగా అడిగాడు. కుర్రాడు అన్నీ సరిగ్గానే చెప్పాడు. వేళ్లు కదిలించి చూపించాడు. నేను గాజుగుడ్డ పట్టుకుని నిలబడ్డాను. చేతులు వణుకుతున్నది వాడికి కాదు, నాకు. వెనక నుంచి వ్యాను వచ్చింది. ఎర్ర సైకిలుని ఎక్కించాం. వాడు ఎక్కబోతూ ఆగి, ‘సారీ అన్నా’ అన్నాడు నాతో. ‘ఎందుకు?’ అంటే ఏం చెప్పలేదు. నేను ఆగి ఆగి దిగడం వల్లే వాడు అంతసేపు ఒంటరిగా కూర్చోవాల్సి వచ్చిందని నాకు అనిపిస్తోంది. అదీ చెప్పలేకపోయాను.

ఎస్.కోట చేరేసరికి మూడు. టీకొట్టు ముందు సైకిళ్లు వరసగా ఆనించి ఉన్నాయి. కుర్రాడి స్నేహితులిద్దరూ వ్యాను దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. డాక్టరుగారు కట్టు విప్పి మళ్లీ కట్టారు. కుట్లు అక్కర్లేదన్నారు. కింద ఎవరికీ పడ్డ సంగతే తెలీదు. ఎక్కడో ఫొటోలు తీసుకుంటున్నాడనుకున్నారట.

టీకొట్టు ఆయన ఈసారి నవ్వలేదు. అడక్కుండానే ఓ గ్లాసులో ఇంకో చెంచా చక్కెర వేసి కుర్రాడి చేతిలో పెట్టాడు. మాస్టారు టార్చి లేకుండానే తలలు లెక్కపెట్టాడు. పద్నాలుగు. ఎందుకో ఇంకోసారి లెక్కపెట్టాడు.

వచ్చే నెల తాటిపూడి రిజర్వాయరట. ‘అక్కడ ఎత్తుల్లేవండీ, మీరూ రండి’ అంటోంది బ్యాంకు మేడం. కుర్రాళ్లు మాత్రం గాలికొండే అంటున్నారు. ఈ నాలుగు రోజులుగా మా ఆఫీసు మెట్లు పక్కవాటంగా దిగుతున్నాను. నిన్న సాయంత్రం సైకిళ్ల కొట్టు ముందు ఆగి, గేర్లున్న వాటి ధర అడిగాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.